ఊడితే ఏమవుతుంది? టర్బో కార్ల బూస్ట్ గొట్టాల ఎంపికపై ఒక సమీక్ష

టర్బో ఉన్న కారు బోనెట్ ఎత్తితే ముందు కంటబడేవి పెద్ద సామాన్లే: టర్బో, ఇంటర్‌కూలర్, వాటిని కలిపే లావుపాటి గాలి గొట్టాలు. వాటి సందుల్లోంచి చిటికెన వేలికన్నా సన్నగా సాగిపోయే రెండు మూడు నల్లటి గొట్టాలను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ టర్బో ఎంత ఒత్తిడి పుట్టించాలి, ఎక్కడ ఆగాలి అన్నది తేలేది వాటి ద్వారానే. మన షెడ్లలో వీటన్నిటినీ కలిపి వాక్యూమ్ పైపులనేస్తారు. చేసే పనిని బట్టి బూస్ట్ నియంత్రణ గొట్టాలనడం సబబు. ఇవి పాతబడి మార్చాల్సి వచ్చినప్పుడు ఏది వేయించాలని అడిగితే ఎక్కడైనా వినిపించే జవాబు ఒక్కటే: సిలికాన్ వేయించండి, ఇక జన్మలో చూడక్కర్లేదు. ఈ జవాబు సగమే నిజం. మిగతా సగం తెలియకుండా డబ్బు పెడితే మంచి గొట్టమే తనకు సరిపడని చోట చేరుతుంది. గొట్టం మన్నికను దాని పదార్థం పేరుతో కొలవడం తలకిందుల పద్ధతి. ముందు ఆ గొట్టం ఊడితే ఇంజన్‌కు ఏమవుతుందో చూడాలి. తర్వాత దాని లోపల ఏముంటుందో, బయట ఎంత వేడి తగులుతుందో, రెండు కొసలూ దేనిమీద ఎలా కూర్చున్నాయో చూడాలి. ఈ వరసలో వెళ్తే ఏ పదార్థం కావాలన్నది చివర్లో దానంతటదే తేలుతుంది.

టర్బోను తిప్పేది ఇంజన్ విడిచే వేడి వాయువు. ఆ వాయువు ఎక్కువైతే టర్బో వేగం పెరుగుతుంది, అది ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి, అంటే బూస్ట్, పెరుగుతుంది, దాంతో వాయువు ఇంకా ఎక్కువవుతుంది. ఎక్కడో ఒకచోట కళ్లెం పడకపోతే ఈ చక్రం ఇంజన్ పాడయ్యేదాకా ఆగదు. ఆ కళ్లెమే వేస్ట్‌గేట్: వాయువును దానితో తిరిగే టర్బైన్ చక్రం పక్కనుంచి దాటించేసే చిన్న తలుపు. దాన్ని మూసి ఉంచేది స్ప్రింగు. తెరిచేది యాక్చుయేటర్ అనే డబ్బాలోని డయాఫ్రమ్. టర్బోలో గాలిని నొక్కే భాగమైన కంప్రెసర్ నుంచి ఒక సన్న గొట్టం వచ్చి ఆ డబ్బాకు తగులుకుంటుంది. ఒత్తిడి స్ప్రింగు బలాన్ని మించగానే డయాఫ్రమ్ కడ్డీని నెడుతుంది, తలుపు తెరుచుకుంటుంది, బూస్ట్ అక్కడితో ఆగుతుంది. ఇంటి కారులో టర్బోను రోజూ నడపదగ్గ వస్తువుగా నిలబెట్టిన కంపెనీల్లో స్వీడన్‌కు చెందిన సాబ్ ముందు వరసలో ఉంటుంది. దాని 99 టర్బో 1977లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. 1980ల మొదట్లో అదే కంపెనీ ఏపీసీ అనే ఏర్పాటు తెచ్చింది: ఇంజన్‌లో ఇంధనం వేళ తప్పి పేలే నాకింగ్‌ను సెన్సర్ పసిగడితే, కరెంటుతో నడిచే ఒక సోలినాయిడ్ వాల్వు బూస్ట్‌ను సర్దుతుంది. అలా ఒక గొట్టం ఉన్నచోట మూడు వచ్చాయి. సాబ్ వాల్వు మీద సి, డబ్ల్యు, ఆర్ అని మూడు అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. సి కంప్రెసర్ నుంచి వచ్చేది, డబ్ల్యు వేస్ట్‌గేట్‌కు పోయేది, ఆర్ మిగులు గాలిని తిరిగి కంప్రెసర్ ముందుకు పంపేది. సోలినాయిడ్‌తో నడిచే పెట్రోల్ టర్బో కార్లు చాలావాటిలో అమరిక దాదాపు ఇదే కాబట్టి దీన్నే నమూనాగా తీసుకోవచ్చు.

ఈ మూడింటిలో ఏది ఊడితే ఏమవుతుందో చూద్దాం. ముందుగా కరెంటు సంగతి. సోలినాయిడ్‌కు కరెంటు అందకపోతే వాల్వు సి నుంచి డబ్ల్యుకు దారి తెరిచే ఉంచుతుంది. కంప్రెసర్ ఒత్తిడి నేరుగా వేస్ట్‌గేట్‌కు చేరి, బూస్ట్ స్ప్రింగు నిర్ణయించిన కనీస స్థాయిలో నిలిచిపోతుంది. కారు మందగిస్తుంది, ఇంజన్ క్షేమంగా ఉంటుంది. అంటే వైరు తెగినా, ఫ్యూజు పోయినా నష్టం లేని వైపుకే ఒరిగేలా తయారుచేసినవాళ్లు జాగ్రత్త తీసుకున్నారు. గొట్టం విషయంలో ఆ జాగ్రత్తకు చోటే లేదు. సి ఊడినా, డబ్ల్యు ఊడినా వేస్ట్‌గేట్‌కు ఒత్తిడి కబురే అందదు. తలుపు మూసుకునే ఉంటుంది, బూస్ట్ అదుపు లేకుండా పెరుగుతుంది. హద్దు దాటగానే ఇంధనం ఆపేసే రక్షణ కంప్యూటర్‌లో ఉంటుంది. అయితే అది ఆఖరి గోడ, అదీ పవర్ పెంచేందుకు ట్యూనింగ్ చేయించిన కార్లలో చాలాసార్లు వెనక్కి జరిగి ఉంటుంది. చిన్న చీలికకూ ఇదే దిశ: గాలి కారితే డయాఫ్రమ్‌కు అసలుకన్నా తక్కువ ఒత్తిడి తెలుస్తుంది, బూస్ట్ అసలుకన్నా ఎక్కువవుతుంది. కంప్యూటర్ కొంతవరకు సర్దుకుంటుంది కాబట్టి తప్పు చాలాకాలం దాగి ఉంటుంది. ఆర్ గొట్టం సంగతి వేరు. అది ఊడితే ఫిల్టర్ దాటని దుమ్ముగాలి కాస్త లోపలికి పోతుంది, గాలి కొలత కాస్త తప్పుతుంది, అంతే. ఒకే వాల్వుకు తగిలించిన మూడు గొట్టాల్లో రెండు ఇంజన్‌ను పాడుచేయగలవు, మూడోది చేయలేదు. మూడింటికీ ఒకే గొట్టం, ఒకే శ్రద్ధ, ఒకే క్లిప్పు అనడం ఇక్కడే తేలిపోతుంది.

డీజిల్ కార్లకు వస్తే దిశ తిరగబడొచ్చు. వేరియబుల్ జ్యామెట్రీ టర్బోల్లో టర్బైన్ చుట్టూ కదిలే రెక్కలుంటాయి. వాటిని కరెంటు మోటారుతో కాక వాక్యూమ్‌తో కదిపే ఏర్పాట్లలో సాధారణంగా వాక్యూమ్ రెక్కలను మూసి బూస్ట్ పెంచుతుంది. గొట్టం చీలితే వాక్యూమ్ అందదు, రెక్కలు తెరుచుకునే ఉంటాయి, బండికి పికప్ పోతుంది, నల్ల పొగ వస్తుంది, ఒక్కోసారి చెక్ లైటు వెలిగి, బండి శక్తి తగ్గించుకుని నడిచే లింప్ మోడ్‌లోకి పోతుంది. ఇబ్బందే గానీ ఇంజన్‌కు ప్రాణాపాయం కాదు. మన రోడ్ల మీద బాగా తిరిగిన 1.3 మల్టీజెట్ ఇంజన్‌నే చూడండి: 75 హార్స్‌పవర్ రూపంలో వేస్ట్‌గేట్ ఉన్న మామూలు టర్బో, 90 హార్స్‌పవర్ రూపంలో వేరియబుల్ జ్యామెట్రీ టర్బో. ఇంజన్ కుటుంబం ఒక్కటే అయినా టర్బో రకం మారింది కాబట్టి గొట్టం పోతే కనబడే లక్షణమూ మారొచ్చు. అందుకే మెకానిక్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఏ బ్రాండ్ అని కాదు. ఈ గొట్టంలో ఉండేది ఒత్తిడా, వాక్యూమా? ఇది ఊడితే బూస్ట్ పెరుగుతుందా, తగ్గుతుందా? పెరిగే వైపు ఉన్న గొట్టానికి మంచి పదార్థం, మంచి క్లిప్పు, ముందస్తు మార్పిడి కావాలి. తగ్గే వైపు ఉన్నది చెడితే కారే చెబుతుంది.

ఇప్పుడు గొట్టాన్ని చంపేదేమిటో చూద్దాం. అమ్మేవాళ్లు ముందు చెప్పేది ఒత్తిడి లెక్క: ఇన్ని బార్లు తట్టుకుంటుంది, అన్ని బార్లు తట్టుకుంటుంది. ఈ పనికి ఆ లెక్కతో అవసరమే పడదు. లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లు, గోడ మందం 2 మిల్లీమీటర్లు ఉన్న గొట్టంలో 1 బార్ బూస్ట్ ఉంటే, గోడ మీద పడే లాగుడు సుమారు 0.1 మెగాపాస్కల్. మామూలు సిలికాన్ రబ్బరు తెగడానికి దానికి 60 రెట్లయినా కావాలి. గొట్టం కొస ఎక్కే నిపుల్ అనే మొన మీదనుంచి గొట్టాన్ని బయటికి నెట్టే బలం ఎంత? 4 మిల్లీమీటర్ల వ్యాసానికి 1 బార్ దగ్గర సుమారు 1.26 న్యూటన్లు, అంటే 130 గ్రాముల బరువంత. కొత్త గొట్టాన్ని ఆపాటి బలం కదపను కూడా లేదు. అయినా గొట్టాలు ఊడుతూనే ఉన్నాయి, కొసల దగ్గర చీలుతూనే ఉన్నాయి. అంటే నేరం ఒత్తిడిది కాదు. వేడికి గట్టిపడి, నూనెకు ఉబ్బి, అదురుడుకు ఒరుసుకుని, పట్టు పోగొట్టుకున్న గొట్టాన్ని ఒత్తిడి ఆఖర్న ఒక్క తోపు తోస్తుంది. మన్నిక అంటే ఆ పట్టు ఎన్నేళ్లు నిలుస్తుందన్నదే.

వేడి సంగతి లెక్కతోనే చూడొచ్చు. టర్బైన్‌లోకి వచ్చే వాయువు డీజిల్ ఇంజన్లలో 800 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల, పెట్రోల్ ఇంజన్లలో 950 దాటి ఉండొచ్చు. గొట్టానికి అది నేరుగా తగలకపోయినా ఎర్రగా కాలే టర్బైన్ గూడు నుంచి సెగ తగులుతూనే ఉంటుంది. కంప్రెసర్ వైపు గాలీ చల్లనిది కాదు. బయట 45 డిగ్రీల ఎండలో కంప్రెసర్ గాలిని రెండింతల ఒత్తిడికి నొక్కితే, దాని సామర్థ్యం 70 శాతం అనుకుంటే, బయటికొచ్చే గాలి వేడి సుమారు 145 డిగ్రీలు. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసినవాళ్లకు 45 ఊహ కాదు. అయితే ఒక మెలిక ఉంది. నియంత్రణ గొట్టంలో గాలి పెద్దగా పారదు, దాదాపు నిలిచే ఉంటుంది. కంప్రెసర్ నిపుల్‌కు దగ్గరున్న కొద్ది భాగం తప్ప మిగతా గొట్టం లోపలి గాలివల్ల కన్నా బయటి సెగవల్లే కాలుతుంది. అందుకే ఒకే గొట్టంలో టర్బో వైపు కొస పెళుసైపోయి, రెండో కొస మెత్తగానే ఉండటం మామూలు. వేడి 10 డిగ్రీలు పెరిగితే రబ్బరు వయసు సగమవుతుందన్నది ఇంజనీర్లు వాడే ముతక లెక్క. దాని ప్రకారం గొట్టాన్ని 20 డిగ్రీలు చల్లగా ఉన్న దారిలోకి మళ్లిస్తే, పదార్థం మార్చకుండానే వయసు నాలుగింతలవుతుంది. ఖరీదైన గొట్టం కొనేముందు ఉన్నదాన్ని పక్కకు జరపగలమేమో చూడటం అందుకే తెలివైన పని.

రెండో శత్రువు నూనె. పిస్టన్ రింగులు దాటి కిందికి జారిన వాయువు ఇంజన్ ఆయిల్ తుంపరలను వెంటబెట్టుకుని బ్రీదర్ గొట్టం ద్వారా మళ్లీ గాలి దారిలోకే వస్తుంది, కంప్రెసర్‌ గుండా పోతుంది. కిలోమీటర్లు బాగా తిరిగిన టర్బో కారు ఇంటర్‌కూలర్ గొట్టం విప్పితే లోపల జిడ్డు తగలనిది అరుదు. కంప్రెసర్ నుంచి ఒత్తిడి తీసుకునే సన్న గొట్టంలోకీ ఆ జిడ్డు చేరుతుంది. ఇక్కడే పదార్థాల అసలు తేడా బయటపడుతుంది. దాన్ని కొలవడానికి అమెరికన్ ప్రమాణమైన ఏఎస్‌టీఎం డి2000 రెండు అక్షరాల గుర్తు వాడుతుంది. మొదటి అక్షరం వేడికి: బి అంటే 100 డిగ్రీలు, సి 125, ఎఫ్ 200, జి 225, హెచ్ 250. రెండోది నూనెలో ఉబ్బుకు: ఎ అంటే హద్దే లేదు, ఇ అంటే 80 శాతం వరకు ఉబ్బవచ్చు, జి 40 శాతం, కె 10 శాతమే. ఇంజన్ చుట్టూ వాడే ఈపీడీఎం రబ్బరు సాధారణంగా సిఎ, నైట్రైల్ రబ్బరు బిజి, మామూలు సిలికాన్ జిఇ, ఫ్లోరోసిలికాన్ ఎఫ్‌కె, వైటన్ లాంటి ఫ్లోరోకార్బన్ రబ్బరు హెచ్‌కె. ఒక్కసారి చదివితే బజారు జవాబులో లోపం తెలిసిపోతుంది. సిలికాన్ వేడికి మొనగాడే, నూనెలో మాత్రం 80 శాతం ఉబ్బినా నిబంధన దాటినట్టు కాదు. ఇంకో సంగతి. ఈ గుర్తుల వెనకున్న వేడి పరీక్ష నడిచేది 70 గంటలు. 225 అన్న అంకె రబ్బర్లను పోల్చడానికి పనికొస్తుంది గానీ, అంత వేడిలో ఏళ్లతరబడి ఉంటుందన్న హామీ కాదు.

ఈ వెలుగులో ఒక్కో పదార్థాన్నీ తూచవచ్చు. ఈపీడీఎం చవక, ఓజోన్‌కు పగలదు, కూలెంట్‌కు జంకదు. నూనె తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. వాక్యూమ్ మాత్రమే ఉండి, టర్బోకు దూరంగా నడిచే గొట్టాలకు అది చాలు. నైట్రైల్ నూనెకు, పెట్రోల్‌కు నిలబడుతుంది కానీ 100 డిగ్రీల పైన త్వరగా గట్టిపడుతుంది, గాలిలోని ఓజోన్‌కు పైపొర పగుళ్లు తీస్తుంది. సిలికాన్ చలిలో బిగుసుకోదు, వేడికి పెళుసవదు, ఎండకు పగలదు. ఈ మూడూ నిజమైన సుగుణాలు. లోపాలూ మూడున్నాయి: నూనెకు ఉబ్బడం, వాయువులను తన గోడ గుండానే కొంత వదిలేయడం, గాటు పడితే ఇట్టే చిరిగిపోవడం. చివరిది చిన్న లోపంలా వినిపిస్తుంది గానీ పదునైన నిపుల్ అంచు, బిగించిన స్క్రూ క్లిప్పు చేసే పని సరిగ్గా ఆ గాటు పెట్టడమే. లోపల ఫ్లోరోసిలికాన్ పొర, బయట సిలికాన్ ఉన్న గొట్టం నూనె లోపాన్ని సరిచేస్తుంది. కంప్రెసర్ నుంచి వేస్ట్‌గేట్ దాకా పోయే గొట్టానికి అది దొరికితే మంచి ఎంపిక. ఫ్లోరోకార్బన్ ఇంకా గట్టిది, ధరా అంతే. చలిదేశాల్లో బిగుసుకుపోతుంది గానీ మన వాతావరణంలో ఆ బెడద లేదు. కొత్త డీజిల్ కార్ల గాలి గొట్టాల్లో ఇథిలీన్ అక్రిలిక్ రబ్బరు కనబడటానికి కారణం వేడినీ నూనెనూ రెంటినీ మధ్యస్థ ధరలో తట్టుకోవడం. ఇక అక్వేరియం గాలి పైపు లాంటి పీవీసీ గొట్టం బోనెట్ వేడికే మెత్తబడిపోతుంది. దాన్ని ఒక్కరోజు కూడా అక్కడ ఉంచకూడదు.

రబ్బరే కానక్కర్లేదు. చాలా కంపెనీలు గట్టి నైలాన్ పైపు వేసి, దాని కొసలకు మాత్రమే చిన్న రబ్బరు ముక్కలు తొడుగుతాయి. నైలాన్ ఒత్తిడికి ఉబ్బదు, వాక్యూమ్‌కు ముడుచుకోదు, నూనెను లెక్కచేయదు. ఈ వాడకంలో పేరున్న నైలాన్ 11 పుట్టేది ఆముదం నుంచి. మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్ట భూముల్లో ఒకప్పుడు పండిన పంటకు ఈ పనితో ఉన్న చుట్టరికం అది. అయితే ఇదే పనికి వాడే నైలాన్ 12 కరిగేది 178 డిగ్రీల దగ్గర, నైలాన్ 11 దానికి కాస్త పైన. టర్బోకు జానెడు దూరంలో అవి నిలవవు; ఏళ్లు గడిచాక దూరంగా ఉన్నవీ పెళుసై చేయి తగిలితేనే విరుగుతాయి. 260 డిగ్రీల వేడిలోనూ నిలకడగా పనిచేసే టెఫ్లాన్ గొట్టానికి స్టీలు అల్లిక వేసి అమ్ముతారు. దానికి వేడీ నూనే ఏమీ చేయలేవు. కానీ అది బిరుసు, చిన్న వంపులో మడత పడుతుంది, నిపుల్ మీద నేరుగా ఎక్కదు, ప్రత్యేకమైన ఫిట్టింగులు కావాలి. పైగా ఆ అల్లిక పక్కనున్న వైర్లను రంపంలా కోస్తుంది. టర్బో పక్క కొద్దిదూరం సన్న స్టీలు పైపు నడిపి, చివర్లో చిన్న రబ్బరు ముక్కతో కలపడం తక్కువ ఖర్చులో ఎక్కువ మన్నిక ఇచ్చే పద్ధతి. రాగి పైపు వంచడం తేలిక గానీ అదురుడుకు గట్టిపడి పగులుతుంది.

పదార్థం కుదిరినా కొలత తప్పితే ప్రయోజనం లేదు. మీటరు పొడవున 4 మిల్లీమీటర్ల గొట్టంలో పట్టే గాలి 12.6 మిల్లీలీటర్లు, 6 మిల్లీమీటర్ల దానిలో 28.3. లావు గొట్టం వేస్తే రెండింతలకు మించిన గాలిని నింపి ఖాళీ చేయాలి, సోలినాయిడ్ ఇచ్చే సన్న కుదుపులు ఆ నిలవలో మెత్తబడిపోతాయి. పలుచని మెత్తటి సిలికాన్ ఇదే తప్పును ఇంకోలా చేస్తుంది: ఒత్తిడికి ఉబ్బి కబురును ఆలస్యం చేస్తుంది, వాక్యూమ్‌కు వంపు దగ్గర ముడుచుకుని దారే మూసేస్తుంది. గోడ మందం లోపలి వ్యాసంలో కనీసం సగమైనా ఉండాలన్నది పాటించదగ్గ కొలత. ఇక కంటికి కనబడని భాగం ఒకటుంది. సుబారు డబ్ల్యుఆర్‌ఎక్స్ లాంటి కార్లలో టర్బో నుంచి వచ్చే గొట్టం లోపల సన్న రంధ్రమున్న చిన్న లోహపు బిళ్ల ఇరికించి ఉంటుంది. సోలినాయిడ్ ఎంత గాలి వదిలితే బూస్ట్ ఎంత మారాలన్న లెక్కంతా ఆ రంధ్రం మీద ఆధారపడింది. పాత గొట్టాన్ని పారేసి కొత్తది తొడిగేటప్పుడు ఆ బిళ్ల చెత్తబుట్టలోకి పోతే, కొత్త గొట్టం ఎంత ఖరీదైనదైనా బూస్ట్ సరిగ్గా రాదు. పాతదాన్ని పారేసేముందు నిలువునా కోసి చూడటం నిమిషం పని.

కొసల దగ్గరే చాలా గొట్టాల కథ ముగుస్తుంది. రబ్బరు గొట్టం లోపలి వ్యాసం నిపుల్ కన్నా కాస్త తక్కువ ఉండాలి, మరీ తక్కువ కాకూడదు. ఎక్కువగా సాగదీసి ఎక్కించిన చోటే చీలిక మొదలవుతుంది. స్క్రూ క్లిప్పు సన్న గొట్టానికి పనికిరాదు, అది గుండ్రంగా బిగవదు. గొట్టం వేడికి పలచబడినా తనంతట తాను బిగువు నిలుపుకునే స్ప్రింగు క్లిప్పు మేలు. ప్లాస్టిక్ టై వేస్తే మామూలు నైలాన్ టై 85 డిగ్రీల దాకానే నమ్మదగ్గదని గుర్తుండాలి. టర్బో పక్కన అది గొట్టానికన్నా ముందే విరుగుతుంది. మధ్యలో వచ్చే ప్లాస్టిక్ టీ-జాయింట్లు కూడా గొట్టాలంత వయసువే, వాటినీ గొట్టాలతో పాటే మార్చాలి. ఎక్కడం లేదని సిలికాన్ గ్రీజు రాస్తే అదే సిలికాన్ గొట్టాన్ని ఉబ్బిస్తుంది. కాస్త నీటి తడి చాలు.

ఈ వాదనకు అభ్యంతరాలున్నాయి. మొదటిది: రేసు కార్లు చాలావరకు దశాబ్దాలుగా సిలికానే వాడుతున్నాయి కదా? వాడుతున్నాయి, అందులో తప్పూ లేదు. కానీ రేసు కారు గొట్టాన్ని పోటీ పోటీకీ చేత్తో తడిమి చూస్తారు, అనుమానమొస్తే పారేస్తారు. అక్కడ కావలసింది ఆ పూట విపరీతమైన వేడిని తట్టుకోవడం. రోజూ ఆఫీసుకు పోయే కారుకు కావలసింది ఎవరూ చూడకపోయినా ఆరేడేళ్లు జిడ్డులో నానుతూ పట్టు నిలుపుకోవడం. శుభ్రమైన గాలో వాక్యూమో ఉండే గొట్టాలకు మందపాటి సిలికాన్ నిస్సందేహంగా మంచిది. జిడ్డు చేరే కంప్రెసర్ వైపు గొట్టానికి అదే సిలికాన్ వేసినా వెంటనే కొంపలేమీ మునగవు, కాకపోతే దాన్ని జన్మంతా ఉండేదిగా కాక ప్రతి సర్వీసుకూ చూసుకోవలసినదిగా లెక్కించాలి. రెండో అభ్యంతరం: ఈ తలనొప్పి ఎందుకు, ఒరిజినల్ కొంటే సరిపోదా? చాలా కార్లకు సరిపోతుంది. కొలత, బిళ్ల, వంపు అన్నీ సరిగ్గా వస్తాయి కాబట్టి నిజానికి మొదట వెతకాల్సింది అదే. అయితే దానికీ వయసు ఉంది. కొన్ని జర్మన్ కార్లలో నూలు అల్లిక తొడిగిన సన్న గొట్టాలొస్తాయి. లోపలి రబ్బరు పగిలి పొడి రాలుతున్నా పైన బట్ట చెక్కుచెదరనట్టే కనబడుతుంది. పైగా ప్రతి కారుకూ ఒరిజినల్ దొరకదు. సాబ్ 2011 డిసెంబరులో దివాలా తీసింది. అలాంటి కార్ల యజమానులకు పదార్థం తెలుసుకుని ఎంచుకోవడం తప్పనిసరి.

మూడో అభ్యంతరం కాస్త బలమైనది: కొత్త కార్లలో వేస్ట్‌గేట్‌ను కరెంటు మోటారే తిప్పుతోంది, ఈ గొట్టాలకు రోజులు చెల్లాయి కదా? ఫోక్స్‌వాగన్ ఈఏ211 వర్గం టీఎస్‌ఐ ఇంజన్లలో అలాగే ఉంటుంది, ఆ దారిన చాలా కంపెనీలు నడుస్తున్నాయి. కానీ సొంత కార్ల రిజిస్ట్రేషన్ మన దగ్గర 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాతా పునరుద్ధరించుకోవచ్చు. గొట్టంతో నడిచే టర్బో కార్లు ఇంకా చాలా ఏళ్లు రోడ్డు మీదే ఉంటాయి, అవి పాతబడేకొద్దీ ఈ ప్రశ్న పెద్దదవుతుంది. చివరి అభ్యంతరం ఖర్చు. ఊడితే ప్రమాదకరమైన గొట్టాలు ఒక కారులో ఒకటో రెండో, వాటి పొడవు మీటరుకు అటూ ఇటూ. అంత చిన్న ముక్కకు ఫ్లోరోసిలికాన్ వేసినా టర్బో రిపేరు బిల్లుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. పొదుపు చేయాలనుకుంటే ఊడినా ముప్పులేని గొట్టాల దగ్గర చేయండి. కొన్న సరుకు అసలుదో కాదో కూడా ఇంట్లోనే తేలుతుంది: కోసిన చిన్న ముక్కను పట్టకారుతో పట్టుకుని ఆరుబయట కాల్చండి. సిలికాన్ అయితే తెల్లటి బూడిద మిగులుతుంది. నల్లటి మసి కక్కుతూ కాలితే అది రంగేసిన మామూలు రబ్బరు.

మొత్తం మీద తీర్పు ఇది. అన్నిటికీ పనికొచ్చే గొట్టమంటూ లేదు, ప్రతి చోటికీ తగిన గొట్టం మాత్రం ఉంది. కంప్రెసర్ నుంచి సోలినాయిడ్‌కు, అక్కడినుంచి వేస్ట్‌గేట్‌కు పోయే దారిలో ఒరిజినల్ గానీ ఫ్లోరోసిలికాన్ పొర ఉన్నది గానీ వేయించండి. టర్బోకు ఆనుకుని ఉంటే మధ్యలో స్టీలు పైపు పెట్టించండి. వాక్యూమ్ దారులకు మందపాటి సిలికాన్ చాలు, చల్లని మూలల్లో ఈపీడీఎం కూడా చాలు. అన్నిచోట్లా పాత కొలతే, అన్నిచోట్లా స్ప్రింగు క్లిప్పులే. ఏదీ శాశ్వతం కాదు కాబట్టి ఏడాదికోసారి వేసవికి ముందు ప్రతి కొసనూ వేళ్లతో వంచి చూడాలి. వంచితే గీతలు పడేది, నొక్కితే తిరిగి లేవనిది, నిపుల్ మీద వేలితోనే తిరిగిపోయేది, ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనబడినా మార్చాల్సిందే. తర్వాతిసారి కారు సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానిక్‌ను ఒక్క మాట అడగండి: వేస్ట్‌గేట్‌కు పోయే గొట్టం ఏది, దాన్ని ఆఖరిసారి మార్చిందెప్పుడు? రెండో ప్రశ్నకు జవాబు దొరకకపోతే, అది పైకి ఎంత బాగున్నా ఆ రోజే మార్పించేయండి.